కుడికి నక్షత్రం లేదు

మా పంగాళీల సంఘం వెబ్‌సైట్ తెరిస్తే ముందుగా ఒక బంగారు ఏనుగు ఎడమ నుంచి కుడికి నడిచిపోతుంది. అది నడక ముగించేవరకు చదువరి ఏదీ చదవడానికి వీలు లేదు. నా ఫోనులో ఆ నడకకు పదకొండు సెకండ్లు పట్టింది. గడియారం పెట్టి చూశాను. ఆ వెనక నాదస్వరం మోగుతుంది. నాదస్వరం ఆగాక, మంటల్లా ఊగే అక్షరాల్లో, మా వంశం ఏయే రాజులకు సేనాధిపత్యం వహించి ఈ దక్షిణదేశానికి దిగివచ్చిందో చెప్పే పేజీ వస్తుంది. దీనికి ఆధారం ఏమిటన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. చోటంతా మంటలకే సరిపోయింది.

నేను ముప్పైఒక్క సంవత్సరాలు మదురై, తేని ప్రాంతాల్లో తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. ఏలకుల మండీలో తక్కెడ ముల్లు వెంట్రుకవాసి ఒరిగినా ఆ తక్కెడకు సీలు వేసేవాణ్ణి. వంశకథలకు సీలు వేసే అధికారం ఏ శాఖకూ లేదు కనుక మా సంఘం కథను నేను పట్టించుకోలేదు. పంగాళీలంటే ఒకే ముత్తాత ఆస్తిలో వాటా ఉన్న దాయాదులు, పదకొండు ఇళ్లవాళ్లం. కొందరికి కోయంబత్తూరులో మిల్లులు, కొందరికి మదురైలో, దిండిగల్‌లో వ్యాపారాలు. సేనాపతుల సంతతి అనుకుంటే వాళ్లకు అన్నం బాగా అరుగుతుందంటే నాకేమి అభ్యంతరం?

కిందటి సంవత్సరం ఆ సైటులో మరో పేజీ చేరింది. మా కులదేవతకు పూర్వం ఒక గుడి ఉండేదట, అది పెరియకుళానికి పడమర మా ఉమ్మడి మామిడితోపులో, బావి పక్కన ఉండేదట, కాలవశాన మాయమైపోయిందట. ఈసారి ఆధారం కూడా చూపించారు. ఆ ఆధారం మా నాయనమ్మ రక్కమ్మాళ్ రాసుకున్న నోటుపుస్తకం. అక్కడ నాకు కోపం వచ్చింది, ఎందుకంటే ఆ పుస్తకం నా బీరువాలో ఉంది.

రక్కమ్మాళ్ అవ్వ తమిళ బడిలో మూడో తరగతి చదివింది. మాట తెలుగు, చేతికి వచ్చిన లిపి తమిళం. కాబట్టి తెలుగును తమిళ అక్షరాల్లో రాసుకుంది. మా వాళ్లలో రాయడం వచ్చినవాళ్లందరూ అలాగే రాశారు. నేటికీ ఫోనుల్లో ఒకరికొకరు అలాగే రాసుకుంటారు. తెలుగు లిపి వచ్చినవాణ్ణి పదకొండు ఇళ్లలో నేనొక్కణ్ణే. అదీ యాభైనాలుగో ఏట, దిండిగల్‌కు వెళ్లివచ్చే బస్సులో, పిల్లల వాచకం ఒడిలో పెట్టుకుని నేర్చుకున్నాను.

తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకు ఒకటే. ప, బ లకు ఒకటే. తమిళం రాసేవాళ్లకు దానితో చిక్కు లేదు. తెలుగు రాసేవాళ్లకు ఉంది. గంప అని రాస్తే ముళ్లకంప అని చదువుకోవచ్చు. బావి అని రాస్తే పావి అవుతుంది. తమిళంలో పావి అంటే పాపాత్ముడు. మూడో తరగతి చదివిన రక్కమ్మాళ్‌కు ఈ చిక్కు తెలిసింది, దానికి మందు కూడా తనే కనిపెట్టింది. మాట మొదట్లో గ గాని ద గాని బ గాని పలకవలసి వస్తే ఆ అక్షరం పక్కన పెన్సిలుతో చిన్న నక్షత్రం పెట్టేది. పా, దాని పక్కన నక్షత్రం, తర్వాత వి: చదవవలసింది బావి. నక్షత్రం లేకపోతే క, త, ప లుగానే పలకాలి. ఇంతే ఆమె వ్యాకరణం. పట్టభద్రులున్న మా సంఘంలో ఇంత శాస్త్రీయమైన పని ఇంకెవరూ చేయలేదు.

ఆ పుస్తకం పదిహేడో పేజీలో ఒక వాక్యం ఉంది. నక్షత్రాల ప్రకారం దాన్ని తెలుగులో ఇలా చదవాలి: “బావి తవ్విన మాయాండికి కుడి పక్క చోటు దారితో విడిస్తిమి.” బావికి, దారికి నక్షత్రాలు ఉన్నాయి. కుడికి లేదు.

మా సంఘం పెద్దలు దాన్ని గుడి అని చదివారు. చదివి, తర్కం నడిపారు. మాయాండికి గుడి పక్క చోటు ఇచ్చారు. కాబట్టి అక్కడ గుడి ఉండేది. ఇప్పుడు అక్కడ గుడి లేదు, మాయాండి ఇల్లు ఉంది. కాబట్టి గుడి ఆ ఇంటి కింద ఉంది. ఇదీ తర్కం. ఇది చాలదని మలయాళ దేశం నుంచి గవ్వలు వేసే ఒకాయనను కారులో పిలిపించారు. ఆయన గవ్వలు వేసి, అమ్మవారు నేలలో ఊపిరాడక బాధపడుతున్నదని చెప్పాడు. అడిగినవాళ్లు ఏది వినాలనుకున్నారో సరిగ్గా అదే గవ్వలకు ఎప్పుడూ తెలుస్తుంది.

ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది మాయాండి కోడలు వీరాయి, డెబ్భై దాటిన మనిషి. ఆమె కూతురు అముద భర్త పోయాక తల్లి దగ్గరికే వచ్చి, పెరియకుళం బస్టాండు ఎదుట జిరాక్స్ షాపులో టైపింగ్ చేస్తున్నది. వాళ్లదీ తెలుగే. మా వాళ్లు మాత్రం దాన్ని తెలుగని ఒప్పుకోరు. మేము బావి అంటాం, వీరాయి నూయి అంటుంది. ఏ మాటకు ఎంత వయసో నిఘంటువు తీసి చూడవచ్చు. పదకొండు ఇళ్లలో నిఘంటువు ఉన్న ఇల్లు కూడా నాదొక్కటే. ఆ ఇంటికి పట్టా లేదు, దస్తావేజు లేదు. వీరాయికి ఉన్న హక్కంతా మా అవ్వ పెన్సిలుతో రాసిన ఆ ఒక్క వాక్యం.

తమిళ లెక్కలో ఆని నెల, అంటే జూన్ చివర, రెండో ఆదివారం తేనిలో సర్వసభ్య సమావేశం పెట్టారు. అక్కడ పదకొండు ఇళ్లవాళ్లూ గుడికి ఒప్పుకుంటే వీరాయి ఇల్లు ఖాళీ చేయాలి. చోటు మాయాండిదేనని ఒప్పుకుంటే విడుదల పత్రం మీద పదకొండు సంతకాలు పడాలి. సంఘాధ్యక్షుడు కృష్ణరాజ్ నాకు వరసకు అన్న కొడుకు, కోయంబత్తూరులో నూలు మిల్లు యజమాని. అతని ఆఫీసుకు వెళ్లి నోటుపుస్తకం ఫోటోలు చూపించాను. కాగితం పసుపెక్కి, చెమ్మ తగిలి, పెన్సిలు గీత చెదిరి ఉంది. అతను ఫోటోను పెద్దది చేసి చూసి, ఆ చుక్కలు నక్షత్రాలు కావు, బొద్దింక రెట్టలు అన్నాడు. బొద్దింకలు గ, ద, బ ల దగ్గర మాత్రమే రెట్ట వేస్తాయా అని అడిగాను. అతను కాఫీ తెప్పించాడు.

ఫోటో పనికిరాదని తేలింది కాబట్టి పుస్తకమంతా అక్షరం అక్షరంగా టైపు చేసి, పదకొండు ఇళ్లకూ వాళ్ల ఫోనుల్లో కనిపించేటట్టు పెట్టాలనుకున్నాను. దానికి నా పేరుతో ఒక సొంత వెబ్‌సైట్ కావాలి. ఈ మాట తెలిసి కృష్ణరాజ్ తమ్ముడి కొడుకు కార్తికేయన్ నాకు ఫోను చేశాడు. ఏనుగును సృష్టించిన మహానుభావుడు అతనే. పెద్దవాణ్ణన్న గౌరవంతో నాకు ఉచితంగా చేసి పెడతానన్నాడు. మూడు నమూనాలు పంపాడు. ఒకదానిలో తాళపత్రాలు వాటంతట అవే తెరుచుకున్నాయి. ఇంకొకదానిలో పైనుంచి మల్లెపూలు రాలాయి. మూడోది పెద్దమనిషి తరహా అన్నాడు. అందులో నా ఫోటో చుట్టూ చక్రం తిరుగుతున్నది. చదవడానికి ఏమైనా పెట్టవచ్చా అని అడిగాను. పెట్టవచ్చు, కాని ఈ రోజుల్లో ఎవరూ చదవరు తాతా అన్నాడు. చదవనివాళ్ల కోసం ఇన్ని పూలు ఎందుకు రాల్చాలో చెప్పలేదు.

నేను దానికి పూర్తి విరుద్ధమైనది ఎంచుకున్నాను. మార్క్‌డౌన్ అని ఒక సాదా పద్ధతి ఉంది. మామూలు ఫైలులో మామూలు అక్షరాలు టైపు చేస్తాం. శీర్షికకు ముందు ఒక హ్యాష్ గుర్తు. పేరాకూ పేరాకూ మధ్య ఒక ఖాళీ వరుస. ఒక చిన్న ప్రోగ్రాము దాన్ని పేజీగా మార్చి పెడుతుంది. రంగు లేదు, కదలిక లేదు, వాద్యం లేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఏ కంప్యూటరులో తెరిచినా ఆ ఫైలు చదవవచ్చు. టైపు చేసినది ఏదో అదే ఉంటుంది, ముల్లు నిటారుగా నిలిచిన తక్కెడలాగా. నాకు అది చాలా నచ్చింది.

ఆ పద్ధతికి ఇంగ్లీషులో చిన్న కరదీపిక ఉంది. మొదటి రెండు పుటలు శ్రద్ధగా చదివాను. మూడో పుటలో అక్షరాలను లావు చేయడం, వాల్చడం, అంటే ఇటాలిక్ చేయడం, గురించి ఉంది. ఒక మాట చెప్పడం చేతకానివాళ్లు అక్షరాన్ని వాల్చి పని జరుపుకుంటారని నా అభిప్రాయం. నేను జన్మలో ఏ అక్షరాన్నీ వాల్చబోవడం లేదు కనుక ఆ పుట నాకు అక్కరలేదని నిర్ణయించి తిప్పేశాను.

టైపు చేయడానికి ఏడు వారాలు పట్టింది. ముప్పైఎనిమిది పేజీలు. అవ్వ నక్షత్రానికి కీబోర్డులోని నక్షత్రం గుర్తే కొట్టాను. నక్షత్రం పెట్టవలసిన చోట్లు నాలుగువందల పదమూడు. అవ్వ పెట్టినవి నాలుగువందల పది. మూడు చోట్ల మరిచింది. ఆ మూడింటినీ దాచకుండా పేజీ చివర విడిగా చూపించాను. గుడి అన్న మాట ఏడు చోట్ల ఉంది, ఏడు చోట్లా నక్షత్రం ఉంది. ఆమె పెరియకుళంలో ఏ పండుగకు ఏ గుడికి వెళ్లిందో రాసుకున్న చోట్లు అవి. కుడి అన్న మాట పదిహేడో పేజీ కాక మరో రెండు చోట్ల ఉంది, కుడి చెయ్యి నొప్పి అని. రెండు చోట్లా నక్షత్రం లేదు. కుడి చేతి నొప్పిని గుడి చేతి నొప్పి అని చదవడానికి మా సంఘం కూడా సాహసించదని అనుకున్నాను. పదిహేడో పేజీ వాక్యాన్ని విడిగా పైన పెట్టి, దాని కింద ఇలా రాశాను: “ఈ వాక్యంలో రెండు నక్షత్రాలు చూడండి. కుడి అన్న మాటకు లేకపోవడం కూడా చూడండి.”

ఫైలును నాలుగుసార్లు సరిచూశాను. పేజీగా మారిన తర్వాత మొదటి తెర చూసి, శీర్షిక సరిగ్గా ఉందని తృప్తిపడ్డాను. నాలుగుసార్లు సరిచూసినదాన్ని ఐదోసారి వేరే కిటికీలో చూడడం, కొట్టిన కొబ్బరికాయనే మళ్లీ కొట్టడం లాంటి మూఢాచారమని నా భావన. పదిళ్లకూ చిరునామా పంపి, సమావేశానికి ఒక్క సంచి తీసుకుని బయలుదేరాను.

తేనిలో కల్యాణమండపం అద్దెకు తీసుకున్నారు. నలభైమంది దాకా వచ్చారు. ముందు వరుసలో మా అత్త పాప్పమ్మాళ్ కూర్చుంది. రక్కమ్మాళ్ కడుపున పుట్టినవాళ్లలో మిగిలినది ఆమె ఒక్కతే. ఎనభైతొమ్మిదేళ్లు, చదువు లేదు, చెవి పదునుగా ఉంది. పంగాళీల్లో ఆమె మాటకు ఎదురు చెప్పగలవాడు ఇంకా పుట్టలేదు. వీరాయిని, అముదను కూడా పిలిపించారు. కుర్చీలు చాలా ఖాళీగా ఉన్నా వాళ్లు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను వెళ్లి కూర్చోమన్నాను. అముద తల్లి వైపు చూసింది. వీరాయి తల అడ్డంగా ఊపింది.

కృష్ణరాజ్ మైకు ముందు నిలబడి నన్ను చాలా పొగిడాడు. చిన్నాయన ఎంతో శ్రమపడి సొంత వెబ్‌సైట్ పెట్టారు, అందరూ చూడవలసిందే అన్నాడు. కార్తికేయన్ తెరమీద నా పేజీ వేశాడు. నేను కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాను.

ఆ ముప్పైఎనిమిది పేజీల్లో ఒక్క నక్షత్రమూ కనిపించలేదు. దానికి బదులు సగానికి సగం అక్షరాలు వాలిపోయి ఉన్నాయి, ఒక మాట మధ్యలో మొదలై ఇంకొక మాట మధ్యలో ఆగుతూ. పైన విడిగా పెట్టిన వాక్యం తమిళం తెలిసిన ఎవరికైనా పాపాత్ముడు తవ్విన మాయాండి అని కనిపిస్తున్నది. దాని కింద, నిటారుగా, ఏ దోషమూ లేకుండా, నా వాక్యం నిలబడి ఉంది: ఈ వాక్యంలో రెండు నక్షత్రాలు చూడండి.

కృష్ణరాజ్ తొందరపడలేదు. నూలు పోగు తెగినచోటు వెతికేవాడిలా తెర దగ్గరికి వెళ్లి, వంగి, పైనుంచి కిందికి చూశాడు.

“చిన్నాయనా, మీరు చెప్పిన స్టార్ యాడ ఉండాది? నాకుదా కండ్లు సరిలేదేమో. మీరే వచ్చి వేలు పెట్టి చూపించండి.”

మండపం నవ్వింది. ఎవరో వెనకనుంచి, పగటిపూట నక్షత్రాలు కనపడవు, చీకటి పడనీయండి అన్నారు. ఇంకా నవ్వారు. నేను లేచి నిలబడ్డాను. తిప్పేసిన మూడో పుటలో పైనే ఉన్న మొదటి వరుస అప్పుడు గుర్తుకు వచ్చింది. కళ్లు దానిమీదుగా వెళ్లాయి, నేను వాటిని ఆగనివ్వలేదు. వాల్చదలచుకున్న భాగానికి ముందొక నక్షత్రం, వెనకొక నక్షత్రం పెట్టాలని అందులో ఉంది. ఆ పద్ధతికి నక్షత్రం అక్షరం కాదు, ఆజ్ఞ. మా అవ్వ పెట్టిన నక్షత్రాలను అది రెండు రెండుగా మింగి, మధ్యలో ఉన్నదంతా వాల్చిపెట్టింది. ముప్పైఒక్క ఏళ్లు ఇతరుల తక్కెడలకు సీలు వేసినవాణ్ణి, నా తక్కెడ ముల్లు చూసుకోలేదు.

కృష్ణరాజ్ మైకు తీసుకుని, చిన్నాయన పేజీయే సాక్ష్యం, నక్షత్రాలనేవి ఎప్పుడూ లేవు, గుడి అని చదవడానికి ఇక అడ్డం లేదు అన్నాడు. తీర్మానం చదవబోతున్నాడు. అప్పుడు వెనక గోడ దగ్గర నుంచి అముద నడిచి వచ్చింది. రోజూ పది గంటలు అక్షరాలతో పనిచేసే మనిషి. తెరవైపు చూస్తూనే వచ్చి, చూస్తూనే మాట్లాడింది.

“స్టార్ ఉండిన చోట స్టార్ పోయింది, అక్షరం వాలింది. పావి మాట చూడండి, మొదటి అక్షరం నేరుగా ఉండాది, రెండోది వాలిండాది. తారి మాటలో మొదటిది వాలిండాది, మిగతాది నేరుగా ఉండాది. ఎవురైనా మాట నడిమిలో వాలిస్తారా? ఆ రెండు మాటలే ముక్కలైనాయి. కుడి ముక్క కాలేదు. అందులో స్టార్ లేదు.”

ఇంతకన్నా శుద్ధమైన నిరూపణ నేను కోర్టుల్లో కూడా వినలేదు. నక్షత్రాలు పోయినా అవి ఉన్న చోటు మిగిలింది. వాలు మొదలైన చోటు ఒకటి, ఆగిన చోటు ఒకటి. నేను నా తప్పుకు సిగ్గుపడుతూ నిలబడినప్పుడు ఆమె ఆ తప్పునే సాక్షిగా నిలబెట్టింది. మండపంలో ఒక్కరికీ అర్థం కాలేదు. ఇద్దరు ఫోనుల్లో తల దూర్చుకున్నారు. టైపు కొట్టేదానికి ఇక్కడేమి పని అని ఎవరో గొణిగారు. కృష్ణరాజ్ చిరునవ్వుతో, సరి, కంప్యూటర్ పాఠం అయిందికదా అన్నాడు.

ముందు వరుసలో పాప్పమ్మాళ్ అత్త కర్రతో నేలను తట్టింది.

“ఏ పిల్లా, నాకు రాసింది తెలీదు. ఆ అక్షరాలు పడిపోయినట్టు ఉండాయే, యా పక్కకు పడిండాయి?”

అముద తెరవైపు, తర్వాత అత్త వైపు చూసింది.

“కుడి పక్కకు, అవ్వా.”

అత్త రెండు చేతులూ ఎత్తి తెరకు దణ్ణం పెట్టింది.

“మా అమ్మ చూపిస్తా ఉండాదిరా రాజా. కుడి, కుడి అంటా ఉండాది. ఇంగేమి కావాల మీకు?”

మండపంలో ఒక కుర్చీ కదిలింది, ఇంకొకటి కదిలింది. చెప్పులు విడిచే చప్పుడు విన్నాను. నలభైమందిలో కనీసం ముప్పైమంది కార్తికేయన్ ప్రొజెక్టరు వెలుగుకు చేతులు జోడించి నిలబడ్డారు. కృష్ణరాజ్ మొహం చూడదగినదిగా ఉంది. గవ్వలు నోరు తెరిచి మాట్లాడతాయని వీళ్లందరికీ నేర్పినవాడు అతనే. ఇప్పుడు అక్షరాలు మాట్లాడవని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. అతను కూడా మెల్లగా చెప్పులు విడిచాడు.

నేను ఊరుకోలేకపోయాను. వాలు అక్షరం ఇంగ్లీషులోనైనా, తమిళంలోనైనా కుడివైపుకే వాలుతుంది, అచ్చు తయారుచేసేవాళ్ల అలవాటు అది, అందులో అవ్వ లేదు, అమ్మవారు లేదు, మూడో పుట చదవని ఒక ముసలివాడు ఉన్నాడు అని చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. “అత్తా” అన్నాను కూడా. అముద నా పక్కకు వచ్చి, తెరవైపే చూస్తూ, పెదవి కదలకుండా చెప్పింది.

“సార్, సంతకాలు అయినాక చెప్పండి. అంతవరకు కూర్చోండి.”

సత్యం చెప్పడానికి సమయం సందర్భం ఉండవని నేను జీవితమంతా వాదించాను. గోడకు ఆనుకుని నిలబడిన వీరాయి ఇంకా కూర్చోలేదు. నేను కూర్చున్నాను. కాగితం ముందు వరుస నుంచి బయలుదేరింది. కృష్ణరాజ్ పదోవాడుగా సంతకం పెట్టాడు. పదకొండో సంతకం నాది.

పత్రం రిజిస్ట్రీ కావడానికి పన్నెండు రోజుల తర్వాతి శుక్రవారం దొరికింది. ఇంటికి చేరిన మర్నాడు పొద్దున్నే మూడో పుట చదివాను. నక్షత్రాన్ని అక్షరంగానే ఉంచాలంటే దానిముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టాలి, అంతే. నాలుగువందల పది చోట్ల పెట్టాను. ఈసారి పేజీని పైనుంచి కిందివరకు చూశాను. నక్షత్రాలన్నీ తిరిగి వచ్చాయి. అక్షరాలన్నీ లేచి నిలబడ్డాయి.

పదకొండు గంటలకు మదురై నుంచి ఫోను. పాప్పమ్మాళ్ అత్త మునిమనవడు విగ్నేశ్, స్నానం చేసి దణ్ణం పెట్టుకునే వేళకు అత్తకు నా పేజీ తెరిచి చూపించాడట. అక్షరాలు నేరుగా ఉన్నాయట. అమ్మ మనసు మార్చుకుంది, ఆ సంతకాలు చెల్లవు అని అత్త అన్నం ముట్టలేదట. నేను బ్యాక్‌స్లాష్ గురించి వివరించాను. విగ్నేశ్ ఇంజినీరు, పూర్తిగా అర్థమైందన్నాడు. అర్థమై, మళ్లీ ఎప్పుడు వాలుస్తారు తాతా అని అడిగాడు. గంట తిరక్కుండా కృష్ణరాజ్ కూడా ఫోను చేశాడు. అవ్వ లేచి నిలబడిపోయిందంట కదా చిన్నాయనా అన్నాడు, గొంతులో ఆనందం దాచుకోకుండా.

పెరియకుళం వెళ్లాను. వీరాయి ఇంటి ముందు మెట్టుమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నది. జరిగినది చెప్పాను. ఒక అబద్ధాన్ని తెలిసి తెలిసి నా పేరుతో నిలబెట్టడం నాచేత కాదని కూడా చెప్పాను. ఇది ఆమెకు చెప్పవలసిన మాట కాదని చెప్పిన తర్వాత తెలిసింది. ఆమె గింజ తీసి పక్కన వేసి, ఇంకొక పండు చేతిలోకి తీసుకుంది.

“అచ్చరం నిల్చుకుంటే నా ఇల్లు పడేదిగా ఉంటే, అది కొన్నాళ్లు పడుకోనీండి ఇన్‌స్పెక్టరయ్యా. ముసలిదేగదా, నా మాదిరి.”

ఆ సాయంత్రమే నాలుగువందల పది బ్యాక్‌స్లాష్‌లూ తీసేశాను. పన్నెండు రోజులు నా వెబ్‌సైట్‌లో, నా పేరు కింద, తప్పని నాకు తెలిసిన పేజీ ఉంది. ఇంతకన్నా చిన్న తేడాకు నేను మండీలో దుకాణాలు మూయించాను. ఆ పన్నెండు రోజుల్లో ఆ పేజీని పదకొండువందల సార్లు తెరిచారు. సరిగ్గా ఉన్న ఒక్క పూటలో తెరిచినది విగ్నేశ్ ఒక్కడే.

శుక్రవారం రిజిస్ట్రీ ఆఫీసులో గుమాస్తా పత్రం చదివి వినిపించాడు. తమిళంలో రాసిన పత్రం కనుక బావికి వలదు పక్క అని ఉంది. తమిళంలో వలదు అంటే కుడి. కృష్ణరాజ్ అప్పటికే కలం తీశాడు. నేను ఆపాను. తెలుగులో వలదు అంటే వద్దు. మా వాళ్లలో ఎవడో ఒకడు ఇంకో అరవై ఏళ్లకు ఈ కాగితం చదివి, మాయాండికి ఆ పక్క వద్దన్నారని తర్కం నడపగలడు. వాళ్ల శక్తి నాకు తెలుసు. నాలుగు దిక్కుల హద్దులూ, ప్రతి హద్దు పొడవూ మీటర్లలో రాయించేవరకు నేను కదలనన్నాను. గుమాస్తా విసుక్కున్నాడు. నా టేపు నా సంచిలోనే ఉంది. కొలతలు ముందురోజే తీసి పెట్టుకున్నాను. బావి మెట్టు నుంచి తూర్పుకు పదకొండు మీటర్ల నలభై సెంటీమీటర్లు. వీరాయి వేలిముద్ర వేసింది. అముద పత్రం తీసుకుని, చివరి వరుసవరకు రెండుసార్లు చదివి, మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

ఇంటికి వచ్చి బ్యాక్‌స్లాష్‌లు తిరిగి పెట్టాను. పన్నెండు రోజులు ఈ పేజీ ఎందుకు తప్పుగా ఉండిందో కింద నాలుగు వాక్యాల్లో, నిటారు అక్షరాల్లో రాశాను. ఎవరూ చదవలేదు.

మా సంఘం సైటులో ఇప్పుడు గుడి పేజీ లేదు. దాని స్థానంలో రక్కమ్మాళ్ మహిమ అని ఒకటి వచ్చింది. నా పాత పేజీని ఫోటో తీసి, చుట్టూ బంగారు చట్రం వేసి పెట్టారు. ఏనుగు ఎడమ నుంచి బయలుదేరి, మధ్యలో ఆగి, వాలిన వాక్యానికి తొండం ఎత్తి నమస్కరించి, తర్వాత కుడికి వెళ్లిపోతుంది. మొత్తం పదహారు సెకండ్లు.